‘చూద్దాంలెండి’ ఓనర్లకో మాట

మన సాఫ్ట్‌వేర్ జనాభాలో గత కొన్నేళ్ళుగా ఓ కొత్త జాతి తయారైంది. ఓనర్లు. ముప్ఫై నిండకుండానే లోను పెట్టి ఓ డబుల్ బెడ్రూం ఫ్లాటు కొనేయడం, ఆఫీసు దూరమనో, బెంగుళూరులో ఉద్యోగమొచ్చిందనో, ఆన్‌సైట్ అనో దాన్ని అద్దెకిచ్చేయడం, ఇక అక్కణ్ణుంచి లంచ్ టేబుల్ దగ్గర కూర్చుని అద్దెకున్నవాణ్ణి తిట్టుకోవడం. "మావాడు మహా తలతిక్కోడు బాసూ, వారానికో కంప్లయింటు." "నీదే నయం. మావాడైతే కుళాయి కారుతోందని రాత్రి పదింటికి ఫోను!" "ఇంకోసారి విసిగించాడంటే ఖాళీ చెయ్యమనడమే." చుట్టూ కూర్చున్న మిగతా ఓనర్లు అయ్యో పాపం అన్నట్టు తలూపడం.

ఈ భజనలో నేను చేరను. నాకూ నిజాంపేట వైపు ఓ ఫ్లాటుంది. దాన్ని అద్దెకిచ్చాను. నేనేమో ఇంకో ఊళ్ళో అద్దెకుంటున్నాను. రెండు వైపులా చూస్తున్నవాడిగా నేననేది ఇదీ: మనం ‘డిమాండింగ్’ అని పేరుపెట్టి తిడుతున్నవాళ్ళలో చాలామంది తమకి రావాల్సింది అడుగుతున్నవాళ్ళే. మిగిలినవాళ్ళలో కొంతమందిని తలతిక్కవాళ్ళుగా తయారుచేసింది మన ‘చూద్దాంలెండి’యే. ఇక నిజంగానే మొండివాళ్ళు కొందరుంటారు, కాదనను. వాళ్ళని ఎలా దారికి తేవాలో చట్టంలో ఉంది. మనం చదవం, అంతే.

అసలు ఇబ్బందిపెట్టే అద్దెదారు అంటే ఎవరు? నా లెక్కలో ముగ్గురున్నారు. అడగాల్సింది అడిగేవాడు. అడగకూడనిది అడిగేవాడు. అద్దె ఎగ్గొట్టి కూర్చునేవాడు. మనం చేసే తప్పల్లా ముగ్గుర్నీ ఒకే కర్రతో కొట్టడం.

ముందు మొదటివాడి సంగతి. సింకు కింద పైపు కారుతోంది అంటాడు. గీజరు ముట్టుకుంటే షాకు కొడుతోంది అంటాడు. బెడ్రూం గోడకి చెమ్మెక్కింది, పిల్లాడికి దగ్గు తగ్గట్లేదు అంటాడు. దానికి మన జవాబు "చూద్దాంలెండి". తెలుగులో ఇంత ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. అందులో అవును లేదు, కాదు లేదు, తారీకు లేదు. రెండు వారాలాగి మళ్ళీ ఫోన్ చేస్తాడు. "చెప్పాం కదండీ, చూస్తామని!" మూడోసారి వాడి గొంతు పెరుగుతుంది. అప్పుడు మనం లంచ్ టేబుల్ దగ్గరకొచ్చి "మావాడు మహా తలతిక్కోడు" అంటాం. తిక్క ఎక్కించిందెవరండీ?

రోజూ మనం చేసే ఉద్యోగం ఏమిటి? క్లయింటు టికెట్ పెడతాడు. సెవిరిటీ వన్ అయితే అర్ధరాత్రయినా లేచి కూర్చుంటాం. చిన్నదైతే ఎప్పటికి చేస్తామో రాసి పంపుతాం. కాంట్రాక్టులో లేనిది అడిగితే "ఇది ఛేంజ్ రిక్వెస్ట్, దీనికి వేరే ఖర్చవుతుంది" అని మర్యాదగా చెప్తాం. వాడు ఎంత చిరాకుపడ్డా మనం చిరాకుపడం. ఇదంతా రోజుకి తొమ్మిది గంటలు చేసి ఇంటికొచ్చి, మనకి నెలనెలా డబ్బిచ్చే మనిషి ఒక మెసేజ్ పెడితే మాత్రం మనలోంచి జమీందారుగారు లేచి కూర్చుంటారు. "నా ఇంట్లో ఉంటూ నన్నే అడుగుతాడా!" అద్దె తీసుకున్న నెల రోజులూ అది వాడి ఇల్లండీ. మీరు కాగితం మీద ఓనరు, వాడు కాపురంలో ఓనరు.

పైగా ఒక తమాషా చూడండి. అద్దె ఆదాయం మీద పన్ను వేసేటప్పుడు, మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం తీసేసి మిగతాదానికే పన్నేస్తారు. రిపేర్లు, వసూలు ఖర్చులు వగైరాలన్నిటికీ కలిపి ఇచ్చే మినహాయింపు అది. 1961 నాటి చట్టంలో సెక్షన్ 24 కింద ఉండేది, 2025లో చేసిన కొత్త చట్టంలోనూ ఉంచారు. నిజంగా ఖర్చుపెట్టావా, బిల్లేదీ అని అడిగే నాథుడు లేడు. నెలకి 25 వేల అద్దె అయితే ఏడాదికి 3 లక్షలు, అందులో దాదాపు 90 వేలు ఇలా పన్ను లేకుండా పోతాయి. రిటర్న్ వేసేటప్పుడు ఈ 90 వేలూ బుద్ధిగా తీసుకుంటాం. రెండొందల వాషరు అడిగితే వాడు డిమాండింగ్!

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇంకా గట్టిది. ఓనరు చేయించాల్సిన రిపేరు, నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాడు తనే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలోంచి కోసుకోవచ్చంటుంది సెక్షన్ 108, అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే. తెల్లదొరల కాలంలోనే అద్దెకున్నవాడికి ఆపాటి హక్కు ఇచ్చారు. మనం ఇరవయ్యొకటో శతాబ్దంలో గేటెడ్ కమ్యూనిటీలో కూర్చుని ఇవ్వలేకపోతున్నాం.

ఇప్పుడు రెండోవాడు, అడగకూడనిది అడిగేవాడు. వీడితోనే అసలు నేర్పు కావాలి. మా ఫ్లాట్లో దిగిన ఆయన మొదటి వారంలోనే నాకు 14 అంశాల జాబితా పంపాడు. మా బంధువులొకాయన అది చూసి "వీడు నిన్ను బతకనివ్వడు, ఇప్పుడే పంపించెయ్" అన్నారు. నేను ఆ జాబితాని మూడు భాగాలు చేశాను. సింకు కింద లీకు, ఉబ్బిపోయి పట్టేసిన బాత్రూం తలుపు, షాకు కొట్టే గీజరు, కాలిపోయిన ప్లగ్ పాయింటు, బాల్కనీ గోడ చెమ్మ... ఈ అయిదూ నావి. ట్యూబులైటు, కుళాయి వాషరు, కాలింగ్ బెల్ బ్యాటరీ, సింకు జాలీలో ఇరుక్కున్న చెత్త... ఈ నాలుగూ మీవి. రెండో బెడ్రూంలో ఏసీ పాయింటు, వంటింట్లో చిమ్నీ, పావురాలు రాకుండా వల, దోమల మెష్ తలుపు, పిల్లల గదికి వేరే రంగు... ఈ అయిదూ కోరికలు. నావి అయిదూ ఫలానా ఆదివారం లోపు అవుతాయని రాశాను, అయ్యాయి. కోరికల్లో పావురాల వలకి, మెష్‌కి సగం సగం వేసుకుందామన్నాను. చిమ్నీ మీరే పెట్టించుకుని వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళండి, గోడ మాత్రం ఎలా ఉన్నది అలా ఇవ్వండి అన్నాను. ఏసీ పాయింటుకి, రంగుకి "కుదరదు" అని రాశాను. ఎందుకు కుదరదో కూడా రెండు ముక్కలు రాశాను.

ఆయనేమీ గొడవపడలేదు. జనం ‘కాదు’ని తట్టుకోగలరండీ, నాన్చుడునే తట్టుకోలేరు.

ఇప్పటికీ ఆయన నెలకో మెసేజ్ పెడతాడు. పెట్టనీయండి. బాత్రూం మూల టైలు కింద తడి వస్తోందని ఆయన చెప్పబట్టి, కింద ఫ్లాటువాళ్ళ సీలింగులోకి దిగకముందే బాగుచేయించాను. అపార్టుమెంటులో పై ఫ్లాటు నీళ్ళు కింద ఫ్లాటులోకి దిగితే ఎన్ని పంచాయితీలవుతాయో అసోసియేషన్ మీటింగుకి ఒక్కసారి వెళ్ళినవాడికి తెలుసు. అలర్టులు రాని సర్వరు ఆరోగ్యంగా ఉన్నట్టు కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏమీ అడగని అద్దెదారూ అంతే. మూడేళ్ళు నోరు మూసుకుని ఉండి, కుళ్ళిపోయిన చెక్కా, తుప్పుపట్టిన పైపూ మన చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు.

ఏది ఎవరిదో తేల్చుకోవడానికి ఓ పట్టిక కూడా ఉంది. కేంద్ర క్యాబినెట్ 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో రెండో షెడ్యూలు. నిర్మాణం తాలూకు రిపేర్లు, గోడలకి సున్నాలు, తలుపులకీ కిటికీలకీ రంగులు, నీళ్ళ పైపులు, కరెంటు వైరింగు ఓనరు ఖాతాలో వేశారు. కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, డ్రైనేజీ శుభ్రం, గీజరు రిపేరు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాడి ఖాతాలో వేశారు. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. కానీ దాన్ని మన అగ్రిమెంటుకి చివర అతికించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా! నేను దానికి ఒక్క షరతు కలుపుతాను: దిగిన నెల రోజుల్లో బయటపడిన లోపం ఏదైనా సరే ఓనరుదే. పాడైపోయిన గీజరుని అప్పజెప్పి, "రిపేరు నీదే" అనడం బగ్గుతో డెలివరీ ఇచ్చి సపోర్టుకి బిల్లు వెయ్యడం లాంటిది.

ఈ కాగితం పనులేవీ చెయ్యని మనం ఇల్లిచ్చేముందు చేసే పరిశీలన చూడాలి! "మీరేవిట్లు?" అని నసుగుతూ కులం అడుగుతాం. నీచు తింటారా అని అడుగుతాం. బ్యాచిలర్లా, ఫ్యామిలీయా అని అడుగుతాం. ఇంటిపేరు విని గోత్రం దాకా వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఇన్ని అడిగినవాడు కరెంటు మీటరు రీడింగు రాసుకోడు. గోడల ఫోటోలు తియ్యడు. ఎన్ని ఫ్యాన్లున్నాయో, గీజరు ఏ ఏడాదిదో కాగితం మీద పెట్టడు. కులం చూసి ఇల్లిస్తే అద్దె టైముకొస్తుందని ఎవరు చెప్పారండీ? ఆ ప్రశ్న వల్ల ఇంటికి జరిగే మేలు సున్నా, ఎదుటి మనిషికి జరిగే అవమానం మాత్రం గుమ్మంలోనే జరుగుతుంది. ఎమ్టెక్ చేసి, అమెరికా వెళ్ళొచ్చి కూడా ఈ ప్రశ్న వదల్లేనివాళ్ళకి మంచి అద్దెదారు కావాలని కోరుకునే అర్హత లేదు.

ఇంకో విచిత్రం. బెంగుళూరులో అద్దెకున్న మనవాళ్ళని కదిపి చూడండి. పది నెలల అద్దె అడ్వాన్సు కట్టించుకున్నాడనీ, ఖాళీ చేసేటప్పుడు రంగులకని నెల అద్దె కోసేశాడనీ అక్కడి ఓనరుని శాపనార్థాలు పెడతారు. అదే మనిషి హైదరాబాదులో తన ఫ్లాటు ఖాళీ అయినప్పుడు ఏం చేస్తాడు? గోడకి రెండు మేకు చిల్లులు చూపించి పాతిక వేలు కోస్తాడు. అత్తగారింట్లో కష్టాలు పడ్డ కోడలే రేపు గయ్యాళి అత్త అయినట్టు. అయిదేళ్ళు మనుషులు తిరిగిన ఇంట్లో రంగు వెలుస్తుంది, అరుగుదల ఉంటుంది. మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలకి అద్దెకున్నవాడు బాధ్యుడు కాడని ఆ 1882 చట్టమే చెప్తోంది. పగలగొట్టినదానికి కోసుకోండి, బిల్లు చూపించి కోసుకోండి. ఫలానా తేదీలోపు మిగతాది ఇస్తానని ముందే అగ్రిమెంటులో రాయండి.

అసలు మన కోపం ఎవరి మీద? ఓ లెక్క వేద్దాం. 80 లక్షల ఫ్లాటు, అందులో 64 లక్షలు లోను, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు. ఈఎమ్మై సుమారు 55 వేల 500. అద్దె 25 వేలు. అంటే నెలకి 30 వేల పైచిలుకు జేబులోంచి పోతోంది. ఆ మంట బ్యాంకు మీద చూపించలేం, బిల్డరు మీద చూపించలేం. ఎదురుగా దొరికినవాడు అద్దెకున్నవాడు. వాడు 25 వేలిస్తూ గీజరు మార్చమంటే మనకి కనపడేది ఆ 30 వేలు. ఫ్లాటు కొనమని వాడు మనకి చెప్పాడా?

ఆ గీజరు 8 వేలనుకుందాం. మార్చం అన్నందుకు వాడు ఖాళీ చేసి వెళ్ళిపోతే? ఒక నెల ఖాళీ, 25 వేలు. ఆ నెల మెయింటెనెన్సు మనదే, 3 వేలు. బ్రోకరుకి సగం నెల, 12 వేల 500. రంగులకి ఓ 20 వేలు. మొత్తం 60 వేలు దాటింది. ఆ తర్వాత దిగినవాడు చేసే మొదటి పని... గీజరు అడగడం! 2020లో ఇళ్ళు ఖాళీ అయి వీధివీధినా టులెట్ బోర్డులు వేలాడినప్పుడు ఇదే ఓనర్లు అద్దె తగ్గించి మరీ బతిమాలుకున్నారు. రోజులు మారగానే ఆ వినయం ఎటో పోయింది.

చివరగా మూడోవాడు. అద్దె ఇవ్వడు, ఖాళీ చెయ్యడు. అద్దెకుండేవాళ్ళందరూ సత్యహరిశ్చంద్రులని నేననడం లేదు. ఇలాంటివాళ్ళ చేతిలో పడి, కొడుకు పంపే డబ్బుతో ఈఎమ్మైలు కట్టుకుంటున్న పెద్దవాళ్ళున్నారు. ఇక్కడ ఓనరుకి నా సానుభూతి పూర్తిగా ఉంది. కానీ వాడితో మనం ఏం చేస్తాం? వాచ్‌మన్‌తో కరెంటు తీయిస్తాం, నీళ్ళు ఆపిస్తాం, లేదా వాడు ఊరెళ్ళినప్పుడు తాళం మార్చేస్తాం. ఇంతకన్నా తెలివితక్కువ పని లేదు. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టినవాడు, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద ఆరునెలల్లోపు దావా వేసి మళ్ళీ లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లెవరిదన్న ప్రశ్నే రాదు. అప్పటిదాకా బాధితుడు మీరు, తాళం మార్చిన క్షణం నుంచీ వాడు.

దారి వేరే ఉంది. హైదరాబాదు సంగతే చెప్తాను. పాత రెంట్ కంట్రోల్ చట్టం 1960 నాటిది. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్లలో నెలకి 3,500 దాటిన అద్దెలు దాని కిందకి రావు. కాబట్టి మన ఫ్లాట్లకి ఆ పాత 1882 చట్టమూ, సివిల్ కోర్టూనే. గడువు అయిపోయి నెలనెలా నడుస్తున్న అద్దె అయితే సెక్షన్ 106 కింద రాతపూర్వకంగా 15 రోజుల నోటీసివ్వాలి. వెళ్ళకపోతే ఖాళీ చేయించమని దావా వెయ్యాలి. ఆలస్యమవుతుంది, నిజమే. అందుకే ఆరునెలల బకాయి పడేదాకా మొహమాటపడకుండా, రెండో నెలలోనే లాయరు దగ్గరికి వెళ్ళండి. నోటీసిచ్చాక మళ్ళీ వచ్చే నెల అద్దె మామూలుగా జేబులో వేసుకోకండి, నోటీసు వదులుకున్నట్టే అని వాడి లాయరు వాదిస్తాడు.

పనిలో పనిగా ఓ భ్రమ కూడా వదిలించుకుందాం. "పదకొండు నెలలు దాటితే ఇల్లు వాడిదైపోతుంది" అని నమ్మే ఇంజనీర్లని నేను చూశాను. ఏడాది మించిన లీజుని రిజిస్టరు చెయ్యాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిందే ఈ పదకొండు నెలల ఆచారం. అద్దె కడుతూ ఉన్నవాడు, అద్దెకున్నంతకాలం ఓనరు ఓనరే కాదని బుకాయించడానికి వీల్లేదు. ఈ లేని భయంతోనే ప్రతి పదకొండో నెలా కుటుంబాలని సామాను సర్దుకుని స్కూళ్ళు మార్పించేవాళ్ళున్నారు!

ఎన్నారై ఓనర్లకి ప్రత్యేకంగా ఒక మాట. దేశంలో ఉన్న ఓనరుకైతే నెలకి 50 వేలు దాటితేనే అద్దెకున్న మామూలు ఉద్యోగి టీడీఎస్ కొయ్యాలి, 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం. మీకైతే ఆ 50 వేల పరిమితి వర్తించదు. మీకు పన్ను పడే ఆదాయమైతే అద్దె 20 వేలైనా సరే కొయ్యాల్సిందే, రేటూ 30 శాతం పైనే. అద్దెకున్నవాడు ఆ సంగతి ఎత్తగానే "వీడెవడో లిటిగెంటులా ఉన్నాడు, అద్దె మా బావమరిది ఖాతాలో వెయ్యమను" అంటారు. చట్టం పాటిస్తానన్నవాడు మీ దృష్టిలో కష్టమైన అద్దెదారు. నోటీసొస్తే వచ్చేది వాడికండీ, డల్లాస్‌లో ఉన్న మీకు కాదు.

"చెప్పడం తేలిక, ఇన్ని కాగితాలు ఎవడు రాస్తాడు, అంతా నమ్మకం మీద నడిచేవి" అంటారని తెలుసు. నమ్మకం ఉంటే కులం ఎందుకు అడిగారు? పోస్ట్‌డేటెడ్ చెక్కులెందుకు తీసుకున్నారు? మనకి కావాల్సినప్పుడు కాగితం, వాడికి కావాల్సినప్పుడు నమ్మకం... ఇది బేరం కాదు, దబాయింపు.

అద్దె ఒకటో తారీకున పడకపోతే రెండో తారీకున ఫోన్ చేస్తాం. మంచిదే, అది మన హక్కు. వాడు చెప్పిన రిపేరుకి కూడా ఒక తారీకు ఇవ్వండి, ఆ తారీకుకి చెయ్యండి. చెయ్యలేనిది "చెయ్యను" అని మొహం మీద చెప్పండి. అంతమాత్రం చేతకాకపోతే ఫ్లాటు అమ్మేసి ఫిక్స్‌డ్ డిపాజిట్లో వేసుకోండి. అది అర్ధరాత్రి ఫోన్ చెయ్యదు, కుళాయి బాగుచెయ్యమనదు.